వోల్టేజ్, కరెంట్ తెలిస్తే రెసిస్టెన్స్, పవర్ ఎలా లెక్కకట్టాలి: మొదటి నుంచి వివరంగా

వోల్టేజ్‌ని కరెంట్‌తో భాగిస్తే రెసిస్టెన్స్ (కరెంట్‌కి ఎదురయ్యే అడ్డు), రెండిటినీ గుణిస్తే పవర్ (సెకనుకు ఖర్చయ్యే శక్తి). లెక్క ఇంతే, దీనికి ఫోన్‌లోని క్యాలిక్యులేటర్ చాలు. అయినా చాలామందికి జవాబు తేడా వస్తుంది, ఎందుకంటే ఆ రెండు అంకెలు ఎక్కణ్ణుంచి తెచ్చామన్నది ఎవరూ పట్టించుకోరు. వోల్టేజ్ బ్యాటరీ దగ్గర కొలిచి, కరెంట్ ఇంకెక్కడో చూసి, లేదా ఒకటి కొలిచి రెండోది వస్తువు మీద అచ్చువేసిన అంకె తీసుకుని భాగించేస్తే, వచ్చిన సంఖ్య ఏ వస్తువు రెసిస్టెన్సూ కాదు. ఏ ముక్క గురించి లెక్క కడుతున్నామో ఆ ముక్క రెండు కొసల మధ్య వోల్టేజే కావాలి, ఆ ముక్క గుండా వెళ్లే కరెంటే కావాలి, రెండూ ఒకే సమయానివి కావాలి. ఈ ఒక్క షరతు పట్టుకుంటే ఎల్ఈడీ దగ్గర్నుంచి హీటర్ దాకా ఒకే పద్ధతిలో వెళ్లిపోవచ్చు.

సూత్రాలు

రెసిస్టెన్స్ = వోల్టేజ్ ÷ కరెంట్

పవర్ = వోల్టేజ్ × కరెంట్

మొదటి దాని వెనక ఉన్నది జర్మన్ శాస్త్రవేత్త జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ప్రచురించిన పని. రెసిస్టెన్స్‌ని ఓముల్లో చెప్పుకునేది ఆయన పేరు మీదే. వోల్టేజ్ వోల్టుల్లో, కరెంట్ ఆంపియర్లలో, పవర్ వాట్లలో ఉంటాయి.

పవర్‌కి గుణకారం ఎందుకు చేస్తామో ఒకసారి చూద్దాం, తర్వాత బట్టీ పట్టే పని ఉండదు. ఒక వోల్ట్ ఉందంటే, ఒక కూలుంబ్ ఛార్జ్ ఆ ముక్కను దాటేటప్పుడు ఒక జౌల్ శక్తి అక్కడ ఖర్చవుతుందని అర్థం. ఒక ఆంపియర్ అంటే సెకనుకు ఒక కూలుంబ్ దాటుతోందని. ఒక్కో కూలుంబ్‌కి ఎన్ని జౌళ్లో, సెకనుకు ఎన్ని కూలుంబులో తెలిస్తే, గుణించగానే సెకనుకు ఎన్ని జౌళ్లో వచ్చేస్తుంది. వాట్ అంటే అదే.

మొదటి పని: యూనిట్లు సరిచూసుకోవడం

చిన్న సర్క్యూట్లలో కరెంట్ ఎక్కువగా మిల్లీఆంప్స్‌లో ఉంటుంది. ఒక ఆంపియర్‌కి 1000 మిల్లీఆంప్స్. మల్టీమీటర్ (వోల్టేజ్, కరెంట్, రెసిస్టెన్స్ కొలిచే పరికరం, ఇక్కడ మీటర్ అనేది దీన్నే) 20 అని చూపించింది కదా అని 5 వోల్టులను 20తో భాగిస్తే 0.25 వస్తుంది, దాన్ని ఓములనుకుంటే పని పాడైపోతుంది. 20 మిల్లీఆంప్స్ అంటే 0.020 ఆంపియర్లు, కాబట్టి రెసిస్టెన్స్ 5 ÷ 0.020 = 250 ఓములు. పవర్ 5 × 0.020 = 0.1 వాట్, అంటే 100 మిల్లీవాట్లు.

ఎలక్ట్రానిక్స్ పని రోజూ చేసేవాళ్లు ప్రతిసారీ దశాంశాలు మార్చరు. వోల్టులను నేరుగా మిల్లీఆంప్స్‌తో భాగిస్తారు, వచ్చిన జవాబు కిలో ఓముల్లో ఉంటుంది. పైన వచ్చిన 0.25 నిజానికి 0.25 కిలో ఓములు, అంటే ఆ 250 ఓములే. అలాగే వోల్టులను మిల్లీఆంప్స్‌తో గుణిస్తే మిల్లీవాట్లు. అలవాటయ్యాక ఇది చాలా హాయి, కానీ మొదట్లో మాత్రం అన్నీ వోల్టులు, ఆంపియర్లలోకి మార్చుకునే లెక్క మొదలుపెట్టండి.

రెండో పని: కొలవడం

అసలు శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడ. ముందే ఒక మాట: బ్యాటరీతోనో, 12 వోల్టుల సప్లైతోనో నేర్చుకోండి. గోడ సాకెట్ నుంచి వచ్చే మెయిన్స్ మీద వైరు విప్పి మీటర్ పెట్టే ప్రయత్నం అనుభవం లేకుండా చెయ్యొద్దు, ప్రాణం మీదికి వస్తుంది. మెయిన్స్‌కి క్లాంప్ మీటరో (వైరు తెంపకుండా దాని చుట్టూ పట్టి కరెంట్ కొలిచేది), ప్లగ్‌కీ సాకెట్‌కీ మధ్య పెట్టే పవర్ మీటరో వాడాలి. క్లాంప్ మీటర్‌ని వెళ్లే వైరు, తిరిగొచ్చే వైరు రెండిటి చుట్టూ కలిపి పెడితే సున్నా చూపిస్తుంది, ఒకదాని కరెంట్ ఇంకోదాన్ని కొట్టేస్తుంది కాబట్టి. ఒక్క వైరు చుట్టూనే పెట్టాలి.

వోల్టేజ్ కొలిచేటప్పుడు నల్ల ప్రోబ్ (మీటర్ నుంచి వచ్చే కొలిచే వైరు) కామ్ (COM) అని రాసిన జాక్‌లో, ఎర్ర ప్రోబ్ వోల్ట్ గుర్తున్న జాక్‌లో. సర్క్యూట్ విప్పక్కర్లేదు, లోడ్ (బల్బు, హీటర్ లాంటి కరెంట్ వాడుకునే వస్తువు) నడుస్తుండగానే దాని రెండు కొసల మీద ప్రోబులు ఆనించాలి. లోడ్ కొసల మీదే ఆనించాలి, సప్లై కొసల మీద కాదు. మధ్యలో వైర్లు, స్విచ్, కనెక్టర్లు కొంత వోల్టేజ్ తినేస్తాయి, సప్లై దగ్గర 12.3 ఉంటే బల్బు దగ్గరికి వచ్చేసరికి 11.8 ఉండొచ్చు.

కరెంట్‌కి పద్ధతి పూర్తిగా వేరు. సర్క్యూట్ ఆపి, ఒకచోట తెంపి, ఆ ఖాళీలో మీటర్ పెట్టాలి, కరెంట్ మొత్తం మీటర్‌లోంచే వెళ్లాలి. ఎర్ర ప్రోబ్‌ని ఆంప్స్ జాక్‌లోకి మార్చాలి. ఎంత కరెంట్ వస్తుందో అంచనా లేకపోతే 10 ఆంప్స్ జాక్‌తో మొదలుపెట్టి, బాగా తక్కువని తేలాక మిల్లీఆంప్స్ జాక్‌కి రండి. కొలవడం అయిపోగానే, ఇంకే పనీ చేసేముందు, ఎర్ర ప్రోబ్‌ని తిరిగి వోల్ట్ జాక్‌లో పెట్టేయండి. ఆంప్స్ జాక్‌లో మీటర్ రెసిస్టెన్స్ దాదాపు సున్నా. అలాగే మరిచిపోయి తర్వాత వోల్టేజ్ కొలుద్దామని బ్యాటరీ మీద ఆనిస్తే అది నేరుగా షార్ట్ సర్క్యూట్. అదృష్టం బాగుంటే మీటర్ ఫ్యూజ్ పోయి అక్కడితో ఆగుతుంది, మెయిన్స్ మీద అదే పని చేస్తే మీటరే చేతిలో పేలవచ్చు.

ఒకే మీటర్ ఉంటే ఇంకో చిక్కు. కరెంట్ కొలిచేటప్పుడు మీటర్ కూడా సర్క్యూట్‌లో భాగమై కొంచెం వోల్టేజ్ తీసుకుంటుంది, తీసేశాక లోడ్ మీద వోల్టేజ్ మారుతుంది, ఈలోగా బ్యాటరీ కూడా కాస్త దిగిపోతుంది. అంటే రెండు అంకెలూ ఒకే సమయానివి కావు. రెండు మీటర్లుంటే మంచిదే. లేకపోతే నాకు బాగా నచ్చే దారి ఇది: విలువ కచ్చితంగా తెలిసిన 1 ఓమ్ రెసిస్టర్ ఒకటి లోడ్‌తో సిరీస్‌లో (ఒకే కరెంట్ రెండిటి గుండా వరసగా వెళ్లేలా) పర్మనెంట్‌గా పెట్టేసి, దాని మీద వోల్టేజ్ కొలవడం. అక్కడ 0.15 వోల్టులు ఉంటే కరెంట్ 0.15 ఆంపియర్లు. జాక్ మార్చే పని లేదు, సర్క్యూట్ తెంపే పని లేదు, లోడ్ వోల్టేజ్, కరెంట్ రెండూ ఒకదాని వెంట ఒకటి సెకన్లలో చూసేయొచ్చు.

మూడో పని: లెక్క

పైన చెప్పిన బల్బునే తీసుకుందాం, బండి ఇండికేటర్లలో వాడే 12 వోల్టుల, 21 వాట్ల ఫిలమెంట్ బల్బు. వెలుగుతుండగా దాని కొసల మధ్య 11.8 వోల్టులు, దాని గుండా 1.73 ఆంపియర్లు అనుకుందాం.

రెసిస్టెన్స్ = 11.8 ÷ 1.73 = 6.82 ఓములు

పవర్ = 11.8 × 1.73 = 20.4 వాట్లు

ఇక్కడ పొరపాటున సప్లై దగ్గరి 12.3 తీసుకుంటే పవర్ 21.3 వస్తుంది. ఆ 0.9 వాట్ తేడా మాయం కాలేదు, వైర్లలోనూ కనెక్టర్లలోనూ వేడిగా పోతోంది. మొత్తం సర్క్యూట్ లాగే పవర్ కావాలంటే 12.3 సరైనదే, బల్బు ఒక్కదానిదే కావాలంటే 11.8.

ఇప్పుడు బల్బు ఆర్పేసి, విప్పి, చల్లారాక మీటర్‌ని ఓముల్లో పెట్టి కొలవండి. 6.82 రాదు. ఒక ఓమ్ కంటే తక్కువే చూపించొచ్చు. మీటర్ పాడైందని అనుకోవద్దు, లెక్కా తప్పలేదు. ఫిలమెంట్ టంగ్‌స్టన్ తీగ, వెలుగుతున్నప్పుడు దాని వేడి 2000 డిగ్రీల సెల్సియస్ దాటిపోతుంది, ఆ వేడిలో దాని రెసిస్టెన్స్ చల్లగా ఉన్నప్పటికంటే పది రెట్లకు పైగా పెరుగుతుంది. చల్లని ఫిలమెంట్ 0.6 ఓములనుకుంటే స్విచ్ వేసిన క్షణంలో 12 ÷ 0.6 = 20 ఆంపియర్లు లాగుతుంది, వేడెక్కేకొద్దీ కరెంట్ దిగి 1.73 దగ్గర నిలుస్తుంది. ఫిలమెంట్ బల్బులు ఎక్కువగా స్విచ్ వేసినప్పుడే పోవడానికి ఈ తొలి క్షణపు కరెంట్ ఒక ముఖ్య కారణం.

వోల్టేజ్, కరెంట్ కొలిచి రెసిస్టెన్స్ కట్టే పద్ధతికి విలువంతా ఇక్కడే ఉంది. ఓమ్ మీటర్ తన లోపలి చిన్న బ్యాటరీతో కొద్దిపాటి కరెంట్ పంపి చూస్తుంది, వస్తువు నిద్రపోతున్నప్పటి రెసిస్టెన్సే దానికి తెలుస్తుంది. పనిచేస్తున్నప్పటి రెసిస్టెన్స్ కావాలంటే పనిచేస్తుండగా కొలిచిన వోల్టేజ్, కరెంట్ తప్ప వేరే దారి లేదు. మామూలు రెసిస్టర్లలో ఈ తేడా పట్టించుకోవాల్సినంత ఉండదు, హీటర్ కాయిల్‌లో కొద్దిగా ఉంటుంది, బల్బులో భారీగా ఉంటుంది. ఇంకో జాగ్రత్త: ఓమ్ మీటర్ పెట్టేముందు కరెంట్ ఆపి తీరాలి.

నాలుగో పని: పవర్‌కి మిగతా రెండు దారులు

ఒక్కోసారి రెసిస్టెన్స్ ముందే తెలుసుంటుంది, వోల్టేజ్, కరెంట్‌లలో ఏదో ఒకటే చేతిలో ఉంటుంది. అప్పుడు మొదటి సూత్రాన్ని రెండోదాంట్లో పెట్టేస్తే ఇవి వస్తాయి:

పవర్ = కరెంట్ × కరెంట్ × రెసిస్టెన్స్

పవర్ = వోల్టేజ్ × వోల్టేజ్ ÷ రెసిస్టెన్స్

ఒకదాంట్లో రెసిస్టెన్స్ పెరిగితే పవర్ పెరుగుతుంది, ఇంకోదాంట్లో తగ్గుతుంది, మరి ఏది నిజం అని చాలామంది తికమకపడతారు. రెండూ నిజమే. ఏది మారకుండా ఉందో చూసుకోవాలి. సిరీస్‌లో ఉన్నవాటన్నిటికీ కరెంట్ ఒకటే, కాబట్టి మొదటిది వాడండి, అక్కడ ఎక్కువ రెసిస్టెన్స్ ఉన్నదే ఎక్కువ వేడెక్కుతుంది. ప్యారలల్‌లో (అన్నిటి కొసలూ అవే రెండు చోట్ల కలిపినప్పుడు) అన్నిటికీ వోల్టేజ్ ఒకటే, రెండోది వాడండి, తక్కువ రెసిస్టెన్స్ ఉన్నదే ఎక్కువ పవర్ తీసుకుంటుంది.

వర్గం ఉండడం వల్ల ఏం జరుగుతుందో హీటర్ మీద చూడండి. 230 వోల్టులకు 2000 వాట్ల హీటర్ 2000 ÷ 230 = 8.7 ఆంపియర్లు లాగుతుంది, దాని రెసిస్టెన్స్ 230 × 230 ÷ 2000 = 26.45 ఓములు. ఇప్పుడు వోల్టేజ్ 200కి పడిపోయిందనుకోండి. కాయిల్ రెసిస్టెన్స్ పెద్దగా మారదు, కాబట్టి పవర్ 200 × 200 ÷ 26.45 = 1512 వాట్లు. వోల్టేజ్ తగ్గింది 13 శాతమే, వేడి మాత్రం 24 శాతం తగ్గింది. లో వోల్టేజ్ ఉన్నప్పుడు నీళ్లు కాగడానికి అంతసేపు పట్టేది ఇందుకే. మీరు కొలిచిన పవర్, లేబుల్ మీది పవర్ కలవకపోతే ముందు వోల్టేజ్ చూడండి, లేబుల్ మీది వాట్లు లేబుల్ మీది వోల్టేజ్‌కే వర్తిస్తాయి.

రెసిస్టర్ కొనేముందు చేయాల్సిన లెక్క కూడా ఇదే. 100 ఓముల పావు వాట్ రెసిస్టర్ మీద ఎంత వోల్టేజ్ పెట్టొచ్చు? 0.25 × 100 = 25, దాని వర్గమూలం 5. అంటే 5 వోల్టులే, అదీ అంచు. దాని మీద 12 వోల్టులు పెడితే 12 × 12 ÷ 100 = 1.44 వాట్లు, రేటింగ్‌కి దాదాపు ఆరు రెట్లు, ముందు రంగు మాడి వాసన వస్తుంది, తర్వాత రెసిస్టర్ పోతుంది. లెక్కలో వచ్చిన వాట్లకు కనీసం రెట్టింపు రేటింగ్ ఉన్నది తీసుకోవడం మంచి అలవాటు.

ఎల్ఈడీ: మొదటి షరతుకి అసలు పరీక్ష

5 వోల్టుల సప్లై, ఒక ఎర్ర ఎల్ఈడీ, దానితో సిరీస్‌లో రెసిస్టర్. కరెంట్ 15 మిల్లీఆంప్స్ దగ్గర ఉండాలి. రెసిస్టర్ ఎంత? 5 ÷ 0.015 = 333 ఓములు అనేస్తే తప్పు, ఎందుకంటే రెసిస్టర్ మీద 5 వోల్టులు లేవు. ఎర్ర ఎల్ఈడీ వెలుగుతున్నప్పుడు తన మీద సుమారు 2 వోల్టులు ఉంచేసుకుంటుంది, రెసిస్టర్‌కి మిగిలేది 3. కాబట్టి 3 ÷ 0.015 = 200 ఓములు. మామూలుగా తేలిగ్గా దొరికే విలువల్లో దీనికి దగ్గర్లో పైన ఉన్నది 220, అది పెడితే కరెంట్ 3 ÷ 220 = 0.0136, అంటే 13.6 మిల్లీఆంప్స్.

ఇప్పుడు పవర్ ముక్కముక్కగా కట్టండి. రెసిస్టర్‌లో 3 × 13.6 = 41 మిల్లీవాట్లు. ఎల్ఈడీలో 2 × 13.6 = 27 మిల్లీవాట్లు. సప్లై ఇచ్చేది 5 × 13.6 = 68 మిల్లీవాట్లు. 41కి 27 కలిపితే 68. ఇలా ముక్కల పవర్లు కలిపి సప్లై పవర్‌తో సరిపోల్చడం నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మంచి పరీక్ష. ఎక్కడైనా తప్పు వోల్టేజ్ పట్టుకుని ఉంటే ఇక్కడ దొరికిపోతుంది.

ఎల్ఈడీకి 2 ÷ 0.0136 = 147 ఓములు అని రెసిస్టెన్స్ కట్టొచ్చా? కట్టొచ్చు గానీ దానితో ఉపయోగం లేదు. కరెంట్ సగానికి తగ్గించినా ఎల్ఈడీ మీద వోల్టేజ్ దాదాపు అక్కడే ఉంటుంది, అప్పుడు ఆ అంకె రెట్టింపుకి దగ్గరవుతుంది. పవర్ సూత్రం మాత్రం ఎల్ఈడీకైనా, మోటార్‌కైనా, బ్యాటరీకైనా ఆ క్షణానికి చెల్లుతుంది.

చిన్న రెసిస్టెన్సులు, పెద్ద వేడి

ఒక ఓమ్ లోపు రెసిస్టెన్సులను పట్టించుకోకపోవడం చాలామందికి అలవాటు. ప్లగ్ పిన్ లూజ్‌గా ఉండి, ఆ చోట అర ఓమ్ ఉందనుకోండి. 10 ఆంపియర్లు పోతుంటే 10 × 10 × 0.5 = 50 వాట్లు. ఆ 50 వాట్ల వేడి అంతా గోరంత చోటులో పుడుతుంది. ప్లగ్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి మారి, ముట్టుకుంటే చుర్రుమంటుంటే జరుగుతున్నది ఇదే. అలాంటి సాకెట్‌ని వెంటనే వాడడం ఆపేసి మార్పించండి.

వైర్లు కూడా అంతే. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకి మీటరుకి సుమారు 0.0115 ఓములు. లోడ్ 10 మీటర్ల దూరంలో ఉంటే పోవడం, రావడం కలిపి 20 మీటర్లు, 0.23 ఓములు. 10 ఆంపియర్ల దగ్గర 2.3 వోల్టులు వైర్లోనే పడిపోతాయి, 23 వాట్లు వేడవుతాయి. 230 వోల్టుల లైనులో ఇది ఒక శాతం, ఎవరూ గమనించరు. 12 వోల్టుల సోలార్ సిస్టమ్‌లో 19 శాతం, లోడ్ దగ్గరికి 9.7 వోల్టులే చేరతాయి. తక్కువ వోల్టేజ్ పనులకు లావు వైర్లు వాడేది ఇందుకే. వెళ్లే దూరమే చూసి తిరిగొచ్చే వైరుని మరిచిపోవడం మాత్రం మామూలుగా జరిగే పొరపాటు.

బ్యాటరీ లోపలి రెసిస్టెన్స్ కట్టడం కూడా తేలికే, ఇక్కడ వోల్టేజ్‌లో తేడా తీసుకోవాలి. లోడ్ లేనప్పుడు 1.55 వోల్టులు, 0.5 ఆంపియర్ లాగుతున్నప్పుడు 1.40. తేడా 0.15, దాన్ని 0.5తో భాగిస్తే 0.3 ఓములు. లోడ్ లేనప్పుడు బాగానే వోల్టేజ్ చూపించి, పెట్టగానే టార్చి మసకబారిపోయే పాత సెల్‌లో ఈ అంకె బాగా పెరిగి ఉంటుంది.

మీటర్ వల్ల వచ్చే తేడా

మామూలు డిజిటల్ మీటర్ వోల్టేజ్ జాక్ రెసిస్టెన్స్ సాధారణంగా 10 మెగా ఓములు. 1 మెగా ఓమ్ రెసిస్టర్ మీద దాన్ని ఆనిస్తే రెండూ ప్యారలల్ అయి, కొలిచిన కరెంట్‌లో మీటర్ తాగేది కూడా కలుస్తుంది, జవాబు 0.91 మెగా ఓమ్ వస్తుంది, 9 శాతం తక్కువ. కిలో ఓముల్లో ఉన్నవాటికి ఈ బెంగ అక్కర్లేదు. బాగా చిన్న రెసిస్టెన్సులకు మాత్రం వోల్టేజ్ ప్రోబులు నేరుగా ఆ ముక్క కాళ్ల మీదే ఆనించాలి, కరెంట్ తెచ్చే క్లిప్పుల మీద ఆనిస్తే క్లిప్పుల రెసిస్టెన్స్ కూడా కలిసిపోతుంది.

జవాబులో ఎన్ని దశాంశాలు రాయాలన్నదీ ఇక్కడే తేలుతుంది. వోల్టేజ్‌లో 1 శాతం, కరెంట్‌లో 1 శాతం తేడా ఉండే మీటర్లయితే జవాబులో 2 శాతం దాకా తేడా రావచ్చు. క్యాలిక్యులేటర్ 6.8208092 అని చూపించినా 6.8 అని రాస్తే చాలు.

ఏసీ మీద ఏమి మారుతుంది

ఏసీ అంటే గోడ సాకెట్ నుంచి వచ్చే, దిశ మారుతూ ఉండే కరెంట్. హీటర్, ఇస్త్రీపెట్టె, ఫిలమెంట్ బల్బుల్లాంటి వాటికి ఏమీ మారదు. మీటర్ చూపించే 230 అనేది ఆర్ఎంఎస్ విలువ (అంతే వేడి పుట్టించే డీసీ, అంటే దిశ మారని, వోల్టేజ్), తరంగం శిఖరం దగ్గర అది 325 వోల్టుల దాకా వెళుతుంది, కానీ వేడి లెక్కలన్నిటికీ ఆర్ఎంఎస్ విలువే వాడాలి.

మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర లెక్క మారుతుంది. అక్కడ కరెంట్ వోల్టేజ్ కంటే వెనకబడుతుంది, కాబట్టి రెండిటినీ గుణిస్తే వచ్చేది వోల్ట్ ఆంపియర్లు. దాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో (అందులో ఎంత వంతు నిజంగా వాట్లుగా ఖర్చవుతోందో చెప్పే సంఖ్య) గుణిస్తేనే వాట్లు. 230 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు లాగుతూ 0.8 పవర్ ఫ్యాక్టర్ ఉన్న మోటార్ 460 వోల్ట్ ఆంపియర్లు తీసుకుంటుంది, వాట్లు మాత్రం 368. వైరు, స్విచ్ ఎంచుకోవడానికి 2 ఆంపియర్లు చూడండి, కరెంటు బిల్లు లెక్కకి 368 వాట్లు చూడండి: మూడు గంటలు నడిస్తే 368 × 3 = 1104 వాట్ గంటలు, అంటే సుమారు 1.1 యూనిట్లు. ఇలాంటి వాటిలో 230ని 2తో భాగిస్తే వచ్చే 115 ఓములు వైండింగ్ తీగ రెసిస్టెన్స్ కాదు, దాన్ని ఇంపీడెన్స్ (ఏసీకి ఎదురయ్యే మొత్తం అడ్డు) అంటారు. తీగ రెసిస్టెన్స్ విడిగా కావాలంటే మోటార్‌ని సప్లై నుంచి పూర్తిగా తప్పించి, వైండింగ్ గుండా చిన్న డీసీ కరెంట్ పంపి, దాని కొసల మధ్య వోల్టేజ్ కొలిచి భాగించండి.